ఇరవై సెకన్ల రోడ్డు

జిన్‌ఆన్ బజారుకీ పిల్లల బడికీ మధ్య ఆరు వరుసల రోడ్డు ఉంది. దాన్ని దాటడానికి పచ్చదీపం ఇరవై సెకన్లు ఇస్తుంది. దీపంలోని చిన్న బొమ్మ మనిషి మొదట తీరుబడిగా నడుస్తాడు, చివర్లో ఒళ్ళు తెలియకుండా పరిగెడతాడు. వాడికేం, మోకాళ్ళ నొప్పులా, చేతిలో కూరల సంచా అని బజారు ముసలమ్మలు వాణ్ణి తిట్టుకుంటూ దాటుతారు.

ఆ రోడ్డు దగ్గరికి వచ్చినప్పుడల్లా రూయున్ చూపు ముందు నడిమి పసుపు గీతల మీదికి పోయేది. దానికి కారణం ఆమె ఎవరితోనూ చెప్పలేదు.

వసంతంలో ఒకరోజు రూయున్ పనిచేసే సూపర్‌మార్కెట్లో కరెంటు పోయి, పని త్వరగా ముగిసింది. స్కూటరు మీద ఇంటికి వస్తూ ఆ కూడలి దగ్గర ఎర్రదీపానికి ఆగింది. దీపం పచ్చగా మారింది. వెనక వాళ్ళు హారన్లు కొట్టారు. రూయున్ కదల్లేదు. రోడ్డు మధ్యలో, రెండు పసుపు గీతల మీద, కిమ్‌హ్వే బామ్మ నిలబడి ఉంది. ఆమె పక్కన రూయున్ కూతురు, నాలుగేళ్ళ మీమీ. బామ్మ అరచెయ్యి పిల్ల నెత్తిమీద ఉంది. ఇటు నుంచి సిమెంటు లారీ, అటు నుంచి బస్సు. మీమీ జుట్టు ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఎగిరింది.

ఆ సాయంత్రం అన్నం దగ్గర రూయున్ మెల్లగా అడిగింది.

"ఇవాళ రోడ్డు దాటడం బాగానే జరిగిందా బామ్మా?"

"రోడ్డు దాటడమేమిటే, సముద్రం దాటినట్టు? కాళ్ళున్నాయి, దాటాను" అని బామ్మ చేపముక్కలో ముళ్ళు తీసి మీమీ గిన్నెలో వేసింది.

ఇంకేం అంటుంది? కిమ్‌హ్వే బామ్మ అసలు రూయున్ భర్త యెన్‌పోకి నాయనమ్మ. తల్లి లేని పిల్లాణ్ణి కావడి మీద పుచ్చకాయలు అమ్మి పెంచిన మనిషి. డెబ్బై ఆరేళ్ళు వచ్చినా, ఎవరైనా చెయ్యి అందిస్తే ఆ చేతిని చూసి నవ్వి పక్కనుంచి నడిచిపోయే రకం. పగలంతా యెన్‌పో ఫ్యాక్టరీలో, రూయున్ గల్లాపెట్టె దగ్గర. నాలుగింటికి పిల్లని తీసుకురావడానికి బామ్మ తప్ప వేరే దిక్కు లేదు.

రూయున్ చదువు పద్దెనిమిదో ఏట వృత్తి పాఠశాలలో ఆగిపోయింది. ఏడాదికే పెళ్ళి, కొన్నేళ్ళకి మీమీ. అది వేరే కథ. తర్వాత ప్రైవేటుగా పరీక్ష కట్టి, ఇరవై అయిదో ఏట ఒక కాలేజీలో సాయంత్రపు తరగతుల్లో చేరింది. సంఘసేవ శాఖ. ఈ రెండో ఏడాది మంగళ, గురువారాల్లో పేటను కూడగట్టడం అనే పాఠం. జనం చేత జనం మాట ఆఫీసుల దాకా ఎలా చెప్పించాలి అన్నది అందులో చెబుతారు. పందొమ్మిదేళ్ళ పిల్లలు పాఠం సాగుతుండగానే లాప్‌టాప్‌లలో టకటకా కొట్టుకుంటే, రూయున్ చివరి బల్ల మీద కూర్చుని పెన్నుతో రాసుకునేది. అర్థం కానివాటి కింద గీత గీసేది. మొదటి నెలలో పుస్తకమంతా గీతలే.

జ్వాంగ్ టీచర్‌కి యాభై దాటాయి. మాటలు ముక్కుసూటిగా ఉంటాయి.

"ఈ టర్ములో మీ పని ఒకటే. మీ పేటవాళ్ళకున్న ఒక ఇబ్బంది వెతకండి. దాన్ని వాళ్ళ నోటితోనే వాళ్ళు అధికారులకు చెప్పుకోవాలి. మీరు మాట్లాడకూడదు. ప్రశ్న అడగొచ్చు, జవాబు చెప్పకూడదు. వాళ్ళ తరఫున మీరు ఒక్క ముక్క మాట్లాడారా, మార్కులు సున్నా."

"వాళ్ళకి మాట్లాడటం రాకపోతే టీచర్?" అని ముందు బల్ల నుంచి ఒకతను అడిగాడు.

"బజార్లో చేపల ధర దగ్గర నోరు లేనివాణ్ణి నువ్వెప్పుడైనా చూశావా?"

రూయున్‌కి వెతకవలసిన పని లేకపోయింది.

శనివారం ఉదయం అట్ట బోర్డుకి కాగితం తగిలించి, కాలేజీ వాళ్ళిచ్చిన ఆకుపచ్చ కోటు తొడుక్కుని బయలుదేరింది. 'పచ్చదీపం సమయం పెంచాలి' అని పైన రాసింది. కింద పేరు, చిరునామా, ఫోన్ నంబరు, సంతకం గడులు. మొదట చేప ఉండలు అమ్మే లాన్‌యింగ్ అత్త దుకాణం.

లాన్‌యింగ్ అత్త కాగితం మొత్తం చదివింది. నవ్వింది. "కాస్త ఆగమ్మా, కళ్ళజోడు తెచ్చుకుంటాను" అని లోపలికి వెళ్ళింది. ఎంతకీ రాలేదు. వచ్చింది మోటారుసైకిలు మీద పోలీసు.

"మీరేనా పెద్దవాళ్ళ దగ్గర ఫోన్ నంబర్లు సేకరిస్తున్నది?"

బజారంతా మూగింది. టీవీలో రోజూ చెబుతున్నారు కదా, తియ్యగా మాట్లాడే ఆడపిల్ల వస్తుంది, సంతకం అడుగుతుంది, మర్నాటికి బ్యాంకులో డబ్బు ఉండదు అని. రూయున్ చెవులు ఎర్రబడ్డాయి. చివరికి ఎదురుగా సోయా పాల కొట్టు ఆ‌శుయ్ తాత గరిటె పట్టుకుని వచ్చి కళ్ళు చికిలించి చూశాడు.

"ఈ పిల్ల మన కిమ్‌హ్వే మనవడి పెళ్ళాం కదూ?"

"అయితే ఆ మాట ముందే చెప్పొద్దూ!" అంది లాన్‌యింగ్ అత్త. "ఏళ్ళ తరబడి ఇదే వీధిలో ఉంటూ ఒక్కనాడు మొహం చూపించావా? దొంగల ముఠా అనుకున్నానమ్మా. నిన్ననే మీ బామ్మతో అన్నాను, నీ మనవడి పెళ్ళాం గాజుబొమ్మా, అద్దాల్లో దాచావా అని."

అట్ట బోర్డు మీద ఒక్క సంతకం కూడా పడలేదు. ఆ‌శుయ్ తాత మాత్రం జాలిపడి గ్లాసుడు సోయా పాలు ఇచ్చాడు.

మంగళవారం క్లాసు అయ్యాక రూయున్ ఈ సంగతి చెబితే జ్వాంగ్ టీచర్ కడుపు పట్టుకుని నవ్వింది. "పోలీసు వచ్చాడంటే నీ పేటలో ఒకరి కోసం ఒకరు కాపలా కాస్తున్నారన్నమాట. బంగారం లాంటి పేట. ఇంతకీ ఆ జనమంతా రోజూ ఒకచోట ఎప్పుడు నిలబడతారు?"

రూయున్ ఆలోచించింది. "చెత్తబండి వచ్చినప్పుడు."

"మరి నువ్వు?"

చెత్త ఎప్పుడూ బామ్మే తీసుకెళుతుంది. ఆ వేళకి రూయున్ క్లాసులోనో, మీమీకి స్నానం చేయిస్తూనో ఉంటుంది. ఏడుంబావుకి దూరం నుంచి చెత్తబండి పాట వినబడటం, బామ్మ చెప్పులు టపటపలాడటం, ఇంతే ఆమెకు తెలుసు.

ఆ శుక్రవారం సంచి తను అందుకుంది.

"నాకు చేతులు పడిపోయాయా?" అంది బామ్మ.

"నాకు హోమ్‌వర్కు బామ్మా."

"చెత్త పారబొయ్యడం కూడా కాలేజీలో నేర్పుతారా? ఫీజులు కట్టించుకుని మరీ?"

అయినా సంచి వదిలిపెట్టింది. రూయున్ వెళ్ళి సందు చివర నిలబడింది. పాట వినబడటానికి పది నిమిషాల ముందే అందరూ వచ్చేస్తారని అప్పుడే తెలిసింది. సంచులు కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఎవరి కోడలు ఏం వండింది, ఎవరికి కంటి ఆపరేషన్ అయింది అన్నీ అక్కడే. రూయున్ బోర్డు తేలేదు, కోటు వేసుకోలేదు. ఒకే ప్రశ్న తెచ్చుకుంది.

"అత్తా, మీరు రోడ్డు అవతలికి రోజుకి ఎన్నిసార్లు వెళతారు?"

"ఇక్కడ దాటనే దాటను! ఆస్పత్రి అవతలే ఉన్నా, పై కూడలి దాకా ఎండలో చుట్టు తిరిగి పోతాను. ఆ దీపం నా ప్రాణం తియ్యడానికే పెట్టారు" అంది లాన్‌యింగ్ అత్త.

"నీకేం, నువ్వు చుట్టు తిరుగుతావు. నేను టాక్సీ ఎక్కుతాను. ఎదురుగా కనబడే ఆస్పత్రికి టాక్సీ! డ్రైవరు నన్ను చూసి నవ్వుతాడు" అన్నాడు ఆ‌శుయ్ తాత.

వెనక నుంచి ఇంకొకావిడ, ఇంకొకాయన. రూయున్ మళ్ళీ నోరు విప్పవలసిన అవసరమే రాలేదు. చెత్తబండి వచ్చి ఆగినా మాటలు ఆగకపోతే, బండివాడు గదమాయించాడు.

నాలుగు వారాలు అలా గడిచాయి. ఎవరు ఎందుకు దాటుతారో, ఎవరు దాటడం మానేశారో రూయున్ ఇంటికొచ్చి రాసుకునేది. గీతలు తగ్గాయి. నెలాఖరుకి పదకొండు మంది కలిసి వార్డు పెద్ద షూ గారి దగ్గరికి వెళ్ళారు. ఈ మధ్య ఇంతమంది ఓటర్లను ఒకేచోట చూడలేదేమో, ఆయన అప్పటికప్పుడు ఫోను తీశాడు. రవాణా ఆఫీసు వాళ్ళు బుధవారం మధ్యాహ్నం మూడింటికి స్వయంగా వచ్చి చూస్తామన్నారు. పావుగంట చూస్తారు, అక్కడే కాగితం మీద రాస్తారు. ఆ రాతే ఖాయం. మళ్ళీ అడగాలంటే ఏడాది ఆగాలి.

ఎవరేం చెప్పాలో సోయా పాల కొట్టు ముందు రెండుసార్లు చెప్పుకుని చూసుకున్నారు. అందరూ వచ్చారు, కిమ్‌హ్వే బామ్మ తప్ప.

"నాకేం పని? నేను బాగానే దాటుతున్నాను" అంటుంది ప్రతిసారీ.

బుధవారం రూయున్ సెలవు పెట్టింది. రెండున్నరకే కూడలి దగ్గరికి వచ్చి నిలబడింది. జ్వాంగ్ టీచర్ కూడా వచ్చి, టోపీ పెట్టుకుని, అరటిపండు తింటూ నీడన నిలబడింది.

ముందు లాన్‌యింగ్ అత్త వచ్చింది. రూయున్ ఆమెని పోల్చుకోలేకపోయింది. జుట్టు ఉంగరాలు తిప్పించుకుంది, పెదాలకి రంగు వేసుకుంది. రబ్బరు బూట్ల బదులు నల్లటి తోలు చెప్పులు. "అధికారులు వస్తుంటే చేపల కంపుతో రమ్మంటావా?" అంది. ఆ‌శుయ్ తాత ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు, చేతికర్ర లేదు. ఆయన వెనక వచ్చినవాళ్ళకి కూడా పండగ కళే. ఇంతలో, రానన్న కిమ్‌హ్వే బామ్మ, ఊదారంగు సిల్కు జాకెట్టు తొడుక్కుని, యెన్‌పో పెళ్ళికి కొన్న తెల్ల బూట్లు వేసుకుని, నిటారుగా నడుచుకుంటూ వచ్చింది.

"మీమీ బడికి దగ్గరే కదా అని వచ్చాను. చూసిపోతాను" అంది.

ఇంజనీరు క్వో గారు కుర్రాడే. ముప్పై ఉంటాయి. మర్యాద తెలిసిన మనిషి. ఆయనతో కొలత చక్రం తోసే ఒకాయన, ఈల పట్టుకున్న ట్రాఫిక్ పోలీసు. క్వో గారు చేతిలో గడియారం చూపించి అన్నాడు. "పెద్దమ్మగారూ, మీరు మామూలుగా దాటండి. నేను సమయం చూస్తాను, అంతే."

చూస్తాను అనకుండా ఉండవలసింది. పోలీసు, వార్డు పెద్ద, కాలేజీ టీచరు, బజారు జనం, అందరూ చూస్తున్నారు. పచ్చదీపం వెలిగింది. పదకొండు మందీ, వాళ్ళతోపాటు బామ్మా ఒక్కసారిగా అడుగు వేశారు. లాన్‌యింగ్ అత్త మెడ సాచి ముందుకి పడింది. ఆ‌శుయ్ తాత పళ్ళు బిగించాడు. కిమ్‌హ్వే బామ్మ వాళ్ళిద్దరినీ దాటుకుని, పక్కకి కూడా చూడకుండా, తెల్లబూట్లు టకటకలాడిస్తూ అవతలి గట్టు ఎక్కింది. ఎక్కి, వెనక్కి తిరిగి, జాకెట్టు సర్దుకుంది.

"పందొమ్మిది సెకన్లు!" అన్నాడు క్వో గారు మనస్ఫూర్తిగా మెచ్చుకుంటూ. "ఎంత ఆరోగ్యంగా ఉన్నారండీ అందరూ! చివరి ఆయనకి ఇరవై." కాగితం మీద వంగాడు. "అయితే ఇప్పుడున్న సమయం సరిపోతోంది."

అధికారి ఎదుట ముసలివాళ్ళలా కనబడటానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. వాళ్ళ తప్పు కూడా కాదు. ఎవరైనా అంతే చేస్తారు.

ఇవతలికి తిరిగి వచ్చిన జనం రొప్పుతూ, రొప్పు కనబడకుండా నవ్వుతున్నారు. క్వో గారి పెన్ను కదులుతోంది. రూయున్ నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. 'అబద్ధం, నేను చూశాను. ఈమె నా బిడ్డతో రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. లారీ గాలికి నా పిల్ల జుట్టు ఎగిరింది.' ఆ మాట అంటే చాలు, పెన్ను ఆగిపోతుంది. సున్నా వస్తే రానీ. కానీ బామ్మ? వీధి వీధంతా వింటుండగా, ఇంటి కోడలి నోటితో? రేపటి నుంచి ఈ మనిషి చెత్తబండి దగ్గర ఎలా నిలబడుతుంది?

టీచర్ వైపు చూసింది. టీచర్ అరటితొక్క మడుస్తోంది.

రూయున్ బామ్మ దగ్గరికి వెళ్ళింది.

"బామ్మా, రేపు మీమీని తెచ్చేటప్పుడు కూడా ఈ బూట్లే వేసుకుంటారా?"

బామ్మ తల తిప్పి చూసింది. ఆ చూపులో, నువ్వు చూశావన్నమాట, ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నావన్నమాట అన్నీ ఉన్నాయి. పెదాలు బిగుసుకున్నాయి. చూపు తెల్లబూట్ల మీదికి దించుకుంది.

అంతలో ఆ‌శుయ్ తాత ఉన్నట్టుండి గట్టు మీద చతికిలబడ్డాడు.

"నాయనా ఇంజనీరూ, నా మోకాలు చూడు. రొట్టెలా పొంగింది. ఇంటికెలా పోవాలో తెలియడం లేదు, టాక్సీ నువ్వు పిలుస్తావా?"

"ఈయనకి వయసులోనూ ఇదే జబ్బు, ఆడవాళ్ళు చూస్తుంటే పరిగెడతాడు" అంది లాన్‌యింగ్ అత్త. అందరూ నవ్వారు. నవ్వుతూనే ఆవిడ చెప్పు విప్పి మడమ చూపించింది. "నాకు బొబ్బ వచ్చింది. ఇంకోసారి ఇలా దాటమంటే నావల్ల కాదు."

"అంటే... మామూలుగా ఇలా దాటరా?" అన్నాడు క్వో గారు.

అప్పుడు కిమ్‌హ్వే బామ్మ ముందుకి వచ్చింది.

"బాబూ, ఇందాక నువ్వు చూసింది పెళ్ళికి వెళ్ళే నడక. బజారుకి వెళ్ళే నడక ఇంట్లో వదిలి వచ్చాము. అది నీకు చూపించాలంటే సరంజామా కావాలి. లాన్‌యింగ్, నీ కొట్లోంచి చేప ఉండల డబ్బా తెప్పించు. రూయున్, నీ చేతిలోని మన కూరల సంచి ఇయ్యి." డబ్బా తను పట్టుకుని, సంచి ఇంజనీరు భుజానికి తగిలించింది. "ఇప్పుడు నువ్వు మీమీవి. నాలుగేళ్ళు. నా చెయ్యి పట్టుకో. తొందరపడకు, చీమ కనబడితే ఆగు, పిల్లలు ఆగుతారు."

జనం గొల్లుమన్నారు. క్వో గారు ఎర్రబడ్డాడు గానీ చెయ్యి పట్టుకున్నాడు. పోలీసు ఈల సవరించుకుని రోడ్డు పక్కకి వచ్చి నిలబడ్డాడు.

దీపం పచ్చబడింది. బామ్మ నడిచింది. ఒక అడుగు, చిన్న ఆగుడు, ఇంకో అడుగు. నడుము కాస్త వంగింది, కుడికాలు కాస్త ఈడ్చింది. ఏడేళ్ళుగా ఆమెతో ఒకే ఇంట్లో ఉంటున్న రూయున్ ఆ నడకని ఇంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు. మూడో వరుస దాటేసరికి దీపం ఎర్రబడింది. ఇద్దరూ పసుపు గీతల మీద ఆగిపోయారు. పోలీసు ఈల ఊది రెండు చేతులూ చాచినా, ఒక ట్రక్కు హారన్ కొట్టుకుంటూ క్వో గారి ముందునుంచే దూసుకుపోయింది. ఆయన కాగితాలు ఎగిరాయి. బామ్మ ఆయనకేదో చెప్పింది. ఆయన కదలకుండా నిలబడ్డాడు, చేతులు ఒంటికి ఆనించుకుని.

మళ్ళీ పచ్చదీపానికి తిరిగి వచ్చాక క్వో గారు నుదురు తుడుచుకున్నాడు.

"ఏం చెప్పిందండీ మధ్యలో?" అని లాన్‌యింగ్ అత్త అడిగింది.

"చెట్టులా నిలబడమన్నారు. చెట్టు కదిలితే ఓడిపోయినట్టట. మునిమనవరాలితో రోజూ ఆడే ఆటట." ఆయన నవ్వబోయాడు, నవ్వు పూర్తిగా రాలేదు. "నాకూ ఆ వయసు పాప ఉంది."

రూయున్ మొహం పక్కకి తిప్పుకుంది. మీమీ ఈమధ్య స్నానాల గదిలో చేతులు ఒంటికి ఆనించుకుని ఎందుకు నిలబడుతోందో, నిలబడి ఎందుకు నవ్వుతోందో అప్పుడు తెలిసింది. పిల్లకి భయం అంటకుండా మొత్తం భయాన్ని ఈ ముసలామె తనే భరించింది.

కాగితం మీద పాత వాక్యాన్ని కొట్టేసి క్వో గారు కొత్తది రాశాడు. ఒక్కొక్కరూ తమ మాట చెప్పారు, ఆయన రాసుకున్నాడు, పావుగంట కాస్తా గంట అయింది. వార్డు పెద్ద అందరికీ పుచ్చకాయ ముక్కలు కోయించాడు. బామ్మ ఒక ముక్క కొరికి, చప్పగా ఉంది, అమ్మినవాడికి కాయ తట్టి చూడటం రాదు అంది.

నాలుగయింది. మీమీ బడికి వెళుతూ దారిలో బామ్మ రూయున్‌తో అంది. "నీ కాలేజీలో మాట్లాడొద్దని నేర్పుతారన్నావు. నువ్వు అడిగిన ఆ ఒక్క ప్రశ్న కంటే తిట్టు నయం."

"కోపం వచ్చిందా బామ్మా?"

"రాదూ మరి! అన్నం తిన్నాక పోతుందిలే. ముందు ఆ సంచి పట్టుకో, నా చెయ్యి కాదు." నాలుగడుగులు వేశాక, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, "సరే, చెయ్యి కూడా పట్టుకో" అంది. "ఈ బూట్లు కరుస్తున్నాయి."

జ్వాంగ్ టీచర్ అడిగిన నివేదికలో 'నేను చేసిన పని' అన్న గడి దగ్గర రూయున్ 'ఒక ప్రశ్న అడిగాను' అని రాసింది. టీచర్ దాని కింద ఏమీ రాయలేదు. మార్కులు మాత్రం బాగానే వేసింది.

మూడు వారాలకి దీపం మారింది. నలభై అయిదు సెకన్లు. మొదటిరోజు చూడటానికి రూయున్ భోజన విరామంలో స్కూటరు వేసుకుని వచ్చి, బజారు వైపు గట్టు మీద నిలబడింది. ఆ రోజు బడి ఒంటిపూటే. అవతలి నుంచి బామ్మ, మీమీ బయలుదేరారు. బామ్మ పాత రబ్బరు చెప్పుల్లో ఉంది. మీమీ రెండుసార్లు ఆగి నేల మీద ఏదో చూసింది. అయినా ఆఖరి వరుస దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఎనిమిది సెకన్లు మిగిలే ఉన్నాయి. అక్కడ ఒక కుర్రాడు స్కూటరు ముందుచక్రం తెల్లగీతల మీదకి తోసి ఆపుకున్నాడు.

కిమ్‌హ్వే బామ్మ ఆగింది. పుచ్చకాయని తట్టి చూసినట్టు ఆ స్కూటరు దీపం మీద వేలితో తట్టింది.

"ఏమోయ్, ఇదేమైనా మీ ఇంటి వాకిలా? వెనక్కి తియ్యి. ఊఁ, ఇంకా తియ్యి. ఇంకా. మాకు బోలెడు టైముంది."

కుర్రాడు కాళ్ళతో నేలని తన్నుకుంటూ స్కూటర్ని వెనక్కి జరుపుకున్నాడు. "ఇంకా తియ్యి" అని మీమీ కూడా వేలు చూపించింది. గట్టు మీద రూయున్ తిరిగి పనికి వెళ్ళాలన్న సంగతి మరిచిపోయి, హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడే ఉంది.